మరగబెట్టిన మందు

"అమ్మా, చెట్ల మందు గట్ల మరగబెడితే అండ్ల మట్టికి మేలుజేసే బ్యాక్టీరియా మొత్తం సస్తది!" ప్రీతి స్టవ్ ఆపబోయింది.

రాజమణి కూతురి చేయి నెట్టేసింది. "సావనియ్. మేడ మీద నా చిక్కుడు తీగలకు బ్లీచింగ్ నీళ్లు పోసి మట్టంత సంపిండు మీ చిన్నాయిన. ఇప్పుడు ఏ మొహం వెట్టుకొని ఈ మందు అడుగుతుండు?"

చల్లారిన మందు నింపిన సీసాను కింది వాటాలో ఉండే మరిది గుండయ్య చేతిలో పెడుతుంటే ఆమె కడుపు చల్లబడింది.

అతను తల వంచుకున్నాడు. "నాకు గాదు వదినె. నీ తొట్లల్ల కొత్త మట్టి నింపి చిక్కుడు గింజలు వెట్టిన. అండ్ల పోస్త."

రాజమణి సీసా లాగేసుకుంది. "ఇది సచ్చిన మందు. మంచిది ఇస్త, ఆగు."

"మాఫ్ జేసినవా వదినె?"

"లేదు. కాయ కాసేదాక మేడ మీదికి నీళ్లు నువ్వే మొయ్యాలె."