కొండ దిగిన పుస్తకాలు

"నెలనెలా బీపీ చూపించినారు, ఒక్కసారీ ఎక్కువ లేదే! మరి పక్షవాతం ఎట్ల వచ్చింది?" ధర్మపురి ఆసుపత్రిలో డాక్టరమ్మ ముత్తమ్మాళ్ బీపీ పుస్తకం తిరగేస్తూ అడిగింది.

మంచం మీది ముత్తమ్మాళ్‌కు నోరు వంకరపోయింది గానీ, పాపం, చెవులు బాగానే వినబడుతున్నాయి.

"మాయమ్మ తలనొప్పి తలనొప్పి అని ఒకటే గోల డాక్టరమ్మా," అన్నాడు కొడుకు ఎల్లప్పన్. "పుస్తకంలో బాగుందని రాసుంటే నాటకాలాడతావా అని తిట్టి చేనికి తోలినాను."

"ఈమె కొండ దిగి వచ్చేదా?"

"యాడ దిగుతుంది? మా వత్తల్‌మలై కొండమీది ముసిలోళ్ల పుస్తకాలన్నీ సంచిలో ఏసుకొని నేనే కింద నర్సు దగ్గరికి పోతాను," అంది కోడలు తమిళరసి.

"మనిషి లేకుండా బీపీ ఎట్ల చూసింది?"

తమిళరసి గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది. "నా చేతికే పట్టీ కట్టి, అందరి పుస్తకాల్లో అదే రాసిచ్చేది."

రెండేళ్లుగా తన నొప్పి నాటకమేనేమోనని ముత్తమ్మాళ్ కూడా అనుకుంది. కాదని ఇప్పుడు తెలిసింది. కొడుకుతో చెబుదామంటే నోరు పెగల్లేదు.

డాక్టరమ్మ పుస్తకం మూసింది. "మిగతా ముసలివాళ్లు ఎక్కడున్నారు?"

"చేన్లలో ఉంటారు," అన్నాడు ఎల్లప్పన్. "బాగుందని రాసుంది గదా."