ఎనిమిది కుండలు

అగ్నిపర్వతం మీద తీసిన కొలతల్ని పనికిరావని పెట్టెలో పడేసిన పెద్దల్లారా, మీలో ఒక్కరైనా ఆ కుండల్ని చేత్తో ముట్టుకున్నారా?

ఈ మాట నిఖిత గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

గ్లాస్గోలో ఎమ్మెస్సీ. ఆ పాత కొలతల మీద రాసిన థీసిస్ ఇవ్వడానికి ఇంకా పదిరోజులే.

ఇరవయ్యేళ్ల కిందట ఒక దీవిలో కొండ చుట్టూ ఎనిమిది తడి మట్టికుండలు పాతి తీగలు కలిపారు. లోపల రాళ్ల సందుల్లో నీళ్లు పారితే పిసరంత కరెంటు పుడుతుంది. దాన్ని ఆ కుండలు పట్టిస్తాయి. కొండ పేలడానికి నాలుగు రోజుల ముందు అంకెలు ఒక్కసారిగా పైకెగిరాయి.

"కుండలు ఎండిపోయి తప్పు చూపించుంటాయి. ఆ నాలుగు రోజులూ తీసెయ్," అన్నాడు థీసిస్ గైడు.

తీసేస్తే థీసిస్‌లో మిగిలేది అట్టలే.

ఆ సాయంత్రం ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో షిఫ్టు. బాబురావు అంకుల్‌కి సూప్ తాగించాలి. ఆయన సంగతి ఎప్పుడూ అడిగింది లేదు. ఫైల్లో 'పోర్టర్' అని ఉంది, అంతే.

"ఏంటమ్మాయ్, నీ మొహం ఈ సూప్ కన్నా చప్పగా ఉంది?"

చెప్పింది. ఎవరో ఒకరికి చెప్పాలి కదా అని.

"ఎన్ని కుండలు?"

"ఎనిమిది."

"కుండ ఎండితే అదొక్కటే తప్పు చెబుద్ది. ఎనిమిదీ ఒక్కసారే ఎండుతయ్యా? కొండలో నీళ్లు కదిలితే అన్నీ కలిసి కదుల్తయ్. చూశావా?"

"మీకెట్ల తెలుసంకుల్?"

"మూటలు మోసినోడికి చాలా తెలుస్తయ్. ఉప్పేదీ?"

మర్నాడు నిఖిత ఆ నాలుగు రోజుల అంకెలూ తీసి చూసింది. ఎనిమిదీ కలిసే కదిలాయి. కుండల్తో సంబంధం లేకుండా ఆ కొండ మీదే పెట్టిన అయస్కాంతపు మీటరు కూడా అదే గంటలో కదిలింది.

సోమవారం పులిహోర డబ్బాతో పరుగున వెళ్లింది. మంచం మీద కొత్త దుప్పటి.

"శనివారం పోయాడమ్మా," అంది అక్కడే పనిచేసే ఎస్తేరు ఆంటీ, దిండు గలీబు మారుస్తూ. "నిద్రలోనే."

నిఖిత డబ్బాని మంచం పక్కన బల్ల మీద పెట్టింది.

ఎనిమిదీ కలిసి కదిలిన గీతలు చూసి గైడు దిగొచ్చాడు. "అక్కడే కుండలు మళ్లీ పాతిద్దాం. ఈసారి ముందే ఊళ్లు ఖాళీ చేయించొచ్చు. అప్పుడు కొండ మీద రాసిన అసలు నోటుబుక్కులు తెప్పించు."

వచ్చాయి. అంచుల నిండా పెన్సిలు రాత. 'పిచ్చిగీతలు' అని లైబ్రరీవాళ్లు చీటీ అంటించారు.

నిఖిత పేజీని దీపం దగ్గరికి జరిపి చదివింది. అది తెలుగు.

'వాన లేదు. ఎనిమిదీ తడిపాను. అయినా అన్నీ కలిసి లేచాయి. కింద హోటల్లో దొరలకు చెప్పాను. నవ్వారు.'

ఈసారి ఆమె మింగలేదు. ఆ పరిశోధన మీద పేర్లు వేసుకున్న ఆరుగురికీ ఉత్తరం రాసింది:

'మీ పేపరు మళ్లీ అచ్చు వెయ్యండి, ఇప్పుడే. మీ ఆరు పేర్లకూ ముందు, మూడు నెలలు ఆ కొండ మీదే పడుకుని ప్రతి అంకె రాసి ప్రతి పేజీ కిందా సంతకం పెట్టిన మీ పోర్టర్ బాబురావు పేరు వెయ్యండి.'