కంచె దూకే గొర్రె

"ఈ దొంగమొహందాన్ని రేపే అమ్మేస్తానమ్మా!" అన్నారు మామయ్య. ఏటా ఉన్ని కత్తిరించే రోజున కంచె దూకి పారిపోయే గొర్రె అది.

నేను ఆయన కోడల్ని, పశువుల డాక్టర్ని. మిగతా పదకొండు గొర్రెలకూ దవడ కింద గడ్డలు. చీము పరీక్షకు పంపితే అంటురోగమని తేలింది.

"కత్తెర ఎప్పుడైనా మందునీళ్లతో కడిగారా, మామయ్యా?"

"తుప్పు పట్టదూ? ముప్పై ఏళ్లుగా నూనెగుడ్డతో తుడుస్తున్నా!"

ఒకదాని గడ్డ తెగితే, ఆ చీము కత్తెరతోనే అన్నిటికీ అంటింది. దొంగమొహందాన్ని తడిమి చూశాను. ఒక్క గడ్డా లేదు.

మరుసటి ఏడు కత్తెర మందునీళ్లలో మునిగింది. గడ్డలున్నవాటిని వేరే కొట్టంలో, చివరి వంతుకు ఉంచాం.

మొదటి వంతు గొర్రె మాత్రం ఇంకా దొరకలేదు. కంచె అవతలి నుంచి మామయ్య గొంతు వినిపిస్తోంది.

"రా తల్లీ, నా బంగారం, ఒక్కసారి రామ్మా!"