ఇరవయ్యొకటో పేజీ

"గా కార్మికుల కానూను పుస్తకం ఎవడు తీస్కపోయిండో రిజిస్టర్ చూపియ్యి రిబ్కమ్మా!" పప్పు మిల్లు మేనేజరు మొగులప్ప బల్ల మీద అరచేత్తో చరిచాడు.

బీదరు లైబ్రరీలో ఓ మూల, కన్నడ పేపరు వెనక నక్కిన ఖండప్పకు చెమటలు పట్టాయి. వారానికో రోజు సెలవు కావాలని మిల్లుకు పేరు లేకుండా దరఖాస్తు పెట్టింది అతనే. ఆ పుస్తకం చూసే అందులో చట్టం సెక్షను నంబరు కూడా వేశాడు. తనేనని తెలిస్తే రేపటి నుంచి నౌబాదు మిల్లులో పని లేనట్టే.

లైబ్రేరియను రిబ్కా తొణకలేదు. "చూస్కో సాబ్. పుస్తకం వాపస్ రాంగనే పేరు మీద సిరా కొట్టేస్త. ఎవరేం చదివితే మనకెందుకు?"

రిజిస్టరు నిండా నల్లటి పట్టీలే. మైసూరు సర్కారు కొలువులో ఉండి ఇంత గుండె ఎవరికుంటుంది! ఖండప్ప మనసులోనే ఆమెకు దండం పెట్టుకున్నాడు.

మొగులప్ప నవ్వాడు. "నువ్వు పేర్లు కొట్టేస్తవనే గదా, చదివిన పుస్తకమే మళ్ల తీస్కపోకుండ అందరు ఇరవయ్యొకటో పేజీల గుర్తు పెట్టుకుంటరు? నేను సుత చాకు బొమ్మ పెడ్త. డిటెక్టివ్ పుస్తకాలల్ల మా మిల్లోళ్ల గుర్తులన్ని చూసిన, ఏది ఎవనిదో నాకెర్కే. తే పుస్తకం! మిల్లు సేఠ్ బయట జీపుల కూసున్నడు, ఆయనకే చూపిస్త."

ఖండప్ప పేపరును ముఖానికి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు. అలవాటు కొద్దీ తను వేసిన జొన్నకంకి బొమ్మ ఆ పేజీలోనే ఉంది. తన గొయ్యి తనే తవ్వుకున్నాడు.

"లోపలి బీరువాల ఉన్నది. కూసో సాబ్, తెస్త" అంటూ రిబ్కా చేతిలో కలంతోనే వెళ్లింది. వెళ్లిన మనిషి ఎంతకీ రాదు. బీరువా తలుపు మాత్రం కిర్రుమంటోంది.

ఎట్టకేలకు తెచ్చి ఇచ్చింది. మొగులప్ప పేజీ తిప్పాడు. ముఖం మాడిపోయింది.

"ఏం సాబ్, సేఠ్‌కు చూపియ్యవా?"

"ఏం అక్కర్లేదు!" పుస్తకం బల్ల మీద పడేసి విసవిసా వెళ్లిపోయాడు.

జీపు కదిలిన చప్పుడు విన్నాక ఖండప్ప పుస్తకం తెరిచాడు. జొన్నకంకి ఒంటరిగా లేదు. దాని చుట్టూ గొడుగు, చేప, ఎడ్లబండి, తాళంచెవి, ఊళ్లో పుస్తకం పట్టే వాళ్లందరి గుర్తులూ ఉన్నాయి.

అన్నిటికంటే పెద్దగా, ఇంకా తడి ఆరని సిరాతో, చాకు.