పన్నెండు సెంట్ల వాన

"బొజ్జన్నా! ఈ నీళ్ళు యాడివి?"

వానకొలత డబ్బా మీది గరాటు తీసి చేత్తో పట్టుకుని లేవి అరిచాడు. డబ్బా లోపలి సీసాలో నీళ్ళున్నాయి. ఆలూరులో చినుకు రాలి నలభై రెండు రోజులయింది. రాత్రి మబ్బు తునక కూడా కనిపించలేదు.

కాపలా మనిషి బొజ్జన్న తలపాగా సర్దుకుని నవ్వాడు. "నేనే పోసినా సారూ."

"పోసినావా? ఎందుకు?"

"ఆ దొర రష్యా కాడ్నుంచి వస్తాండాడు. అంత దూరం వచ్చినోడు ఒట్టి డబ్బా చూసి పోతే మన మర్యాద ఏం గావాల? బాయిలో ఉప్పునీళ్ళు కాదులే. మా ఇంటిది గిడ్డమ్మ రెండు మైళ్ళు నడిచి తెచ్చిన మంచినీళ్ళే పోసినా."

లేవి గరాటు కింద పెట్టి రోడ్డు వైపు చూశాడు. మన దేశమూ రష్యా కలిసి మెట్టసేద్యం మీద ఒక పరిశోధనా కేంద్రం పెడుతున్నాయి. అది ఆలూరుకు వస్తుందా, ఇంకెక్కడికైనా పోతుందా అన్నది ఈరోజే తేలుతుంది. వస్తే, అందులో చదివి పై పట్టా తీసుకునే మొదటి సీటు లేవిది. వాళ్ళ ఇంట్లో బి.ఎస్సీ. గడప తొక్కినవాడు అతనొక్కడే. మూడేళ్ళుగా రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు బొజ్జన్న డబ్బా తెరిస్తే, తను కొలిచి రిజిస్టరులో రాస్తున్నాడు. ఆ రిజిస్టరును నమ్ముకునే రష్యా శాస్త్రజ్ఞుడు బయలుదేరి వచ్చాడు.

సీసా వంపేద్దామని లేవి చెయ్యి చాచాడు. అప్పటికే దుమ్ము రేపుకుంటూ జీపు వచ్చి ఆగింది.

ముందు తాసిల్దారు దిగాడు. వెనక రష్యా శాస్త్రజ్ఞుడు అతాయెవ్ దిగాడు. పొట్టి మనిషి, గుబురు మీసాలు, ఎండకు కమిలిన మొహం.

"దొర అంటే తెల్లగా ఉంటాడనుకుంటి. మన మాదిరే ఎండకు మాడినాడే!" అన్నాడు బొజ్జన్న.

"నువ్వు కాసేపు నోరు మూసుకో బొజ్జన్నా, నీకు దండం పెడతా."

తాసిల్దారు తెచ్చిన దండ అతాయెవ్ వేయించుకోలేదు. నేరుగా డబ్బా దగ్గరికి వెళ్ళి, సీసాలో నీళ్ళు కొలత గ్లాసులోకి వంపి, కంటికి ఎదురుగా ఎత్తి చూశాడు.

"పన్నెండు సెంట్లు," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. అంటే అంగుళంలో నూటికి పన్నెండు వంతుల వాన. "ఎప్పుడు కురిసింది?"

తాసిల్దారు ఆకాశం వైపు ఒకసారి, లేవి వైపు ఒకసారి చూశాడు. సంగతి అర్థమయిపోయింది. పళ్ళు కనిపించకుండా తెలుగులో గొణిగాడు. "రాత్రి జల్లు పడిందని చెప్పప్పా. ఆయప్పకు ఏం తెలుస్తాది? నీ సీటు యాడికీ పోదు."

ఒక్క మాట. లేవి ఆ మాట చెబితే చాలు. చంకలో రిజిస్టరు మాత్రం బండలా బరువుగా ఉంది. మూడేళ్ళ అక్షరాలన్నీ తనవే.

"వాన కురవలేదండీ," అన్నాడు చివరికి ఇంగ్లీషులో. "మీరు వస్తున్నారని ఈయన నీళ్ళు పోశాడు."

తాసిల్దారు నెత్తి కొట్టుకున్నాడు. "కొంప ముంచినావు గదప్పా!"

అతాయెవ్ నవ్వలేదు, కోప్పడలేదు. రిజిస్టరు అందుకుని కాగితాలు తిప్పసాగాడు. సున్న. సున్న. సున్న. ఎక్కడో ఒకచోట అయిదు సెంట్లు, మళ్ళీ పేజీ నిండా సున్నలు.

"ఇంతకు ముందు ఎన్నిసార్లు పోశాడో అడుగు."

లేవి అడిగాడు. బొజ్జన్న మొహం చిన్నబోయింది.

"ఏం మాట సారూ అది! ఊరికే ఉన్న దినాల్లో ఎందుకు పోస్తా? మాకు తాగను నీళ్ళు లేక సస్తాండాం. చుట్టమొస్తేనే కదా పోసేది!"

లేవి ఒక్క ముక్క మింగకుండా ఇంగ్లీషులో చెప్పాడు. గిడ్డమ్మ నడిచిన రెండు మైళ్ళు కూడా చెప్పాడు.

అతాయెవ్ చివరిదాకా విన్నాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, ఆ రోజు తేదీకి ఎదురుగా సున్న చుట్టి, పక్కన సంతకం పెట్టాడు. కొలత గ్లాసు ఎత్తి ఆ పన్నెండు సెంట్ల నీళ్ళూ గటగటా తాగేశాడు.

"అయ్యయ్యో!" అన్నాడు తాసిల్దారు.

బొజ్జన్న మొహం వెలిగిపోయింది. "చూసినారా! ఎవరి కోసం పోసినానో ఆయప్పే తాగినాడు."

అతాయెవ్ మీసాలు తుడుచుకుని లేవి వైపు తిరిగాడు. "మూడేళ్ళు నిజం రాశావు. ఈరోజూ నిజమే చెప్పావు. కేంద్రం ఇక్కడే."

లేవి వంగి దండం పెట్టాడు. తాసిల్దారు తేరుకుని, "మరి ఈ బొజ్జన్న చేసిన పనికి మీకు కోపం లేదా?" అని అడగమన్నాడు. లేవి భయంభయంగా అడిగాడు.

అతాయెవ్ బొజ్జన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"మా ఊరు రష్యా దక్షిణపు కొసన ఎడారిలో ఉంది. అక్కడ ఈ డబ్బాకు కాపలా మా నాన్న. మాస్కో నుంచి ప్రొఫెసరు వచ్చిన రోజు ఆయన అందులో ఒంటెపాలు పోశాడు."