గేటు దగ్గర గుంపు

ఆరాధన ముగిసింది. పాస్టరుగారు ఎప్పటిలాగే చర్చి గుమ్మంలో నిలబడి చెయ్యి చాచారు.

జనం వేళ్ళ కొసలు తగిలించి, "వందనాలయ్యగారూ" అనేసి, గబగబా గేటు వైపు నడిచారు.

అక్కడ స్కూటర్ల మధ్య ఆఖరి బెంచీ పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఈ మధ్యే వచ్చిన మనిషి. ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు. పాస్టరుగారు వాక్యం చెబుతున్నంతసేపూ తల వంచుకుని కూర్చుంటాడు. ఒక్క ఆమెన్ అనడు.

అలాంటి మనిషి చుట్టూ, బెల్లం చుట్టూ ఈగల్లా జనం!

పాస్టరుగారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"గొంతు చించుకునేది నేనూ, గుంపు చేరేది ఆయన దగ్గరా?"

పాటల పుస్తకాలు సర్దుతున్న భార్య తలెత్తింది. "అసూయా?"

"నాకా? ఆయన మీదా?" అని నవ్వేశారు పాస్టరుగారు.

అసూయే. నిలువెల్లా అసూయే. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి, ఆ పెద్దాయనలా నవ్వి చూసుకున్నారు కూడా. పంటినొప్పి ఉన్నవాడిలా కనబడి ఊరుకున్నారు.

ఎన్నికలు దగ్గరపడ్డప్పటి నుంచి పాస్టరుగారి వాక్యం దారి మళ్ళింది. మోషేతో మొదలై, ఎర్రసముద్రం దాటి, తిన్నగా పోలింగ్ బూత్‌లో తేలేది. చర్చికి కొత్త కప్పు వేయిస్తానన్న అభ్యర్థి దావీదు. పోటీకి దిగిన కుర్ర లాయరు ఒక వారం గొలియాతు, ఒక వారం ఫరో. పేరు పెట్టి మరీ ఏకిపారేసేవారు.

ముందు బెంచీలు ఆమెన్ అనేవి. వెనక బెంచీలు దగ్గేవి.

జలుబులు పట్టుకున్నట్టున్నాయని పాస్టరుగారు ఫ్యాన్లు తగ్గించమన్నారు.

ఒక ఆదివారం ఉండబట్టలేక తానే గేటు దగ్గరికి వెళ్ళారు. ఆయన్ని చూడగానే గుంపు టక్కున నోరు మూసుకుంది. తలో దిక్కూ జారుకున్నారు.

ఇంకేం కావాలి, అనుమానం గట్టిపడింది.

"ఇక్కడ ఏం మాట్లాడుతున్నారు?" అని పెద్దాయన్ని నిలదీశారు.

"ఏముందయ్యగారూ... మంచీ చెడ్డా."

"ఎవరికి ఓటెయ్యమంటున్నారు?"

"ఓటు సంగతే ఎత్తలేదండి."

"చూడండి, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఈ మందకి కాపరిని నేనొక్కణ్ణే. మీరు వేరే చర్చి చూసుకోండి."

పెద్దాయన ఏదో చెప్పబోయి ఆగాడు.

"అలాగేనండి. మీరు మాత్రం మనసు కష్టపెట్టుకోకండి" అని నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

తరువాతి ఆదివారం గేటు దగ్గర నరపురుగు లేదు. పాస్టరుగారికి ప్రాణం లేచొచ్చింది.

లోపలికి వెళ్ళి చూస్తే వెనక బెంచీలు ఖాళీ. ఆ పై వారం మధ్య బెంచీలూ ఖాళీ. దగ్గేవాడు కూడా లేడు.

ఆయన పరుగున, వెనక బెంచీలో కూర్చునే టైలర్ దుకాణానికి వెళ్ళారు. "ఏమయ్యా, చర్చికి రావడం మానేశావేం?"

టైలర్ మిషన్ ఆపాడు. తల మాత్రం ఎత్తలేదు.

"కోపం తెచ్చుకోకండి అయ్యగారూ. మీరు వాక్యం మానేసి పార్టీలెత్తుకున్న రోజే మానేద్దామనుకున్నాం. ఒక్కణ్ణి కాదు, చాలామందిమి. ఆ పెద్దాయనే ప్రతి వారం గేటు దగ్గర పట్టుకుని ఆపేవాడు."

"ఆపేవాడా? ఏమని?"

"'ఎన్నికలు ఇవాళుండి రేపు పోతాయి. మీ ఇంట్లో జబ్బు చేస్తే ప్రార్థనకి పరిగెత్తుకొచ్చింది ఎవరు? ఆ అయ్యగారే కదా. వేడిలో ఏదో అంటున్నారు, ఓపిక పట్టండి, వచ్చే వారం రండి' అనేవాడు. ఆ మాట మీద వచ్చేవాళ్ళం."

పాస్టరుగారు అక్కడున్న స్టూలు మీద కూలబడ్డారు. ఇన్నాళ్ళూ ఏ గుంపును చూసి కుళ్ళుకున్నారో, ఆ గుంపును తన కోసమే కాపాడాడా ఆ మనిషి! సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

"ఆయన ఉండేదెక్కడ?"

"మందుల షాపు మీద గదిలో. మొన్నే చొక్కా ఇచ్చొచ్చాను."

మెట్లెక్కుతూ క్షమాపణ మాటలు కూడబలుక్కున్నారు. తలుపు తట్టారు.

తలుపు తీసింది ఒక యువకుడు. ఊరి గోడలన్నిటి మీదా ఉన్న ముఖం. కుర్ర లాయరు.

లాయరు ఆయన్ని ఆనవాలు పట్టి, ఒక్క క్షణం తటపటాయించాడు. తరువాత తలుపు బార్లా తెరిచి, లోపలికి తిరిగి పిలిచాడు.

"నాన్నా, మీ పాస్టరుగారొచ్చారు!"