మూసుకున్న గాడి

మల్లీశ్వరి పెంచే తొలిచూలు గేదెపడ్డ కడుపులో దూడ మోతాదు మించి బరువెక్కిందని గాడి మూత మూసుకుంది. ఇక ఈనేదాకా ఒక పూటే మేత. మాంసానికి దున్నదూడలను పెంచే ఆ ఊళ్లో ప్రతి కొట్టంలోని మేత గాడీ ఒక యంత్రమే; కడుపులోని దూడను తూచే మేత వేస్తుంది.

మల్లీశ్వరి దానికి ఎదురు చెప్పలేదు. కిందటేడు గాడి మాట వినకుండా చేత్తో మేత పెడితే దూడ పెద్దదై, ఈనలేక గేదె చచ్చిపోయింది.

పడ్డ రోజంతా అరిచింది. మేత తగ్గినా దూడ బరువు పెరుగుతూనే ఉంది. ఒక పొద్దున గాడి పక్కన కుడితి మరకలు కనిపించాయి. మల్లీశ్వరి వీధిలోకి వచ్చింది.

"నా పడ్డకి కుడితి పోసిందెవరు?"

"నేనేనే," అంది పక్కింటి సుందరమ్మ. "చూలుది అట్టా అరుస్తా ఉంటే నాకు ముద్ద దిగుద్దా?"

"నేను చెంబుడే పోశా వదినా," అంది ఎదురింటామె.

"తలా చెంబుడు పోస్తే గోలెం అవదా? అది ఈనలేక చస్తే మీరొచ్చి బతికిస్తారా?"

చెంబులు ఆగాయి. బరువు మాత్రం ఆగలేదు.

నాలుగు రోజుల తర్వాత తెల్లవారుజామున కొట్టంలోకి వెళితే, భర్త ఏడుకొండలు గుప్పిట్లోని తవుడును పడ్డ నాకుతోంది.

"నువ్వు కూడానా?"

"నన్ను చూడగానే లేచి నిలబడుద్ది మల్లీ. ఒట్టి చేతుల్తో ఎట్టా పోను?"

అతన్ని బయటికి పంపి ఆమె కొట్టానికి తాళం వేసింది. మేతా నీళ్లూ గాడే చూసుకుంటుంది, నొప్పులు మొదలైతే అదే పిలుస్తుంది. తాళంచెవి తీసుకెళ్లి వీధి చివర, పడ్డ అరుపు కూడా వినపడని చెవిటి పిచ్చయ్య తాత చేతిలో పెట్టింది. గాడి పిలిచేదాకా తానడిగినా ఇవ్వొద్దని సైగ చేసింది.